ఇంజను మెదడునకు పదచ్ఛేదము

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసపాఠము)



2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన కొత్త జిల్లాలు ఏర్పడి, జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడును వేర్వేరు జిల్లాలకు కేంద్రములైనవి. జిల్లాలు వేరైనను మన కొలిమి యొక్కటే, బాంధవ్యమొక్కటే యని ఈ నిండుసభ చాటుచున్నది. ఇట మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు, సంస్కృతము బోధించుచు జీవితము గడపిన మేము ధర్మమును గూర్చియో సాహిత్యమును గూర్చియో పలుకుదుమని వారు తలచియుందురు. మేము మాత్రము మోటారుబండి ఇంజనును నడపెడి కంప్యూటరును గూర్చియు, అందు వ్రాసియున్న గూఢలిపిని చదువుటకు లోకమున ఉచితముగా లభించు సాధనములను గూర్చియు విన్నవింప సాహసించుచున్నాము. ఇది మేము గురుముఖమున నేర్చిన శాస్త్రము కాదు. ఒక బాలునివలన నేర్చిన పాఠము. ఆ బాలునికి మేము మొదట చేసిన అన్యాయమును సభాముఖమున ఒప్పుకొనుటయు ఈ యుపన్యాసమునకొక ప్రయోజనము.

ఆ బాలుడు మా చెల్లెలి మనుమడు. వాని ముత్తాత బండిచక్రములకు ఇనుపపట్టాలు తొడిగెను. తాత బావులకడ ఆయిలింజనులు బాగుచేసెను. తండ్రికి జనగామలో రహదారిప్రక్క మెకానిక్ షెడ్డు గలదు. నాలుగు తరములలో పనిముట్లు మారినవి గాని, వస్తువును విప్పి, చూచి, మరల బిగించి నేర్చుకొను పద్ధతి మారలేదు. బాలుడు పాలిటెక్నిక్ చదువు ముగించి తండ్రికి తోడుగా నుండెను. గత సంవత్సరము వర్షకాలమున మేము వారింట నుండగా, ఒకనాడు అర్ధరాత్రము దాటినను వాని గదిలో వెలుతురు కనబడెను. లోనికి పోయి చూడగా, పాతయినుప దుకాణమునుండి తెచ్చిన అల్యూమినియము పెట్టె యొకటి మూతవిప్పబడి బల్లపై నున్నది. కంప్యూటరు తెరమీద వరుసలు వరుసలుగా అంకెలును అక్షరములును కనబడుచున్నవి.

"ఇది యేమిరా?" యని యడిగితిమి.

"కారు ఇంజనుపెట్టె, తాతయ్యా! ఇందులో కంపెనీవారు వ్రాసినదానిని చదువుచున్నాను."

"చదువుమని వారు నీకిచ్చిరా?"

"ఇవ్వలేదు."

"ఇయ్యనిదానిని తీసికొనుట చౌర్యము కాదా?" యని మేము కఠినముగా పలికితిమి. వాడు మారుమాటాడక కంప్యూటరు మూసెను.

మరునాటి యుదయమున వాని తండ్రి మాయొద్ద కూర్చుండి యిట్లనెను: "మామయ్యా, ఒకప్పుడు ఇంజను చప్పుడు విని రోగము చెప్పెడివారము. ఇప్పుడు వచ్చు బండ్లకు చప్పుడు బాగుగనే యుండును. ముందరి పలకలో దీపము మాత్రము వెలుగును. అది యెందుకు వెలిగెనో కంపెనీవారి కంప్యూటరునకు దక్క నాకు తెలియదు. పిల్లవాడు అది తెలిసికొన చూచుచున్నాడు. వానిని దొంగయనిన, రేపు నా షెడ్డును తెరచువాడెవడు?" ఈ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేకపోయెను. ముప్పదియేండ్లకు పైగా పిల్లలను "చదువుడు, చదువుడు" అని తరిమిన మేము, చదువుచున్నవానిని చదివినందుకే దండించితిమి గదా యని సిగ్గుపడి, ఆ రాత్రి వాని గదికి మేమే పోయి, "నాకును చెప్పుము" అని యడిగితిమి.

వాడు చెప్పినదానిని మాకు తెలిసినంతలో మీకు మనవిచేయుదుము. పూర్వపు ఇంజనులో ఇంధనమును కొలిచి యిచ్చు పని కార్బురేటరో, ఇనుప పంపో చేసెడిది. దేశమంతట 2017 ఏప్రిలు 1వ తేదీనుండి భారత్ స్టేజి 4 ప్రమాణములును, 2020 ఏప్రిలు 1వ తేదీనుండి భారత్ స్టేజి 6 ప్రమాణములును అమలులోనికి వచ్చినవి. పొగలోని విషములను ఇంత తగ్గింపవలెనన్న, ప్రతి చుక్క ఇంధనమును లెక్కించి వదలవలెను. ఆ లెక్కచేయునది ఇంజను కంప్యూటరు. మెకానిక్కుల వాడుకలో ఈసీయూ. క్రాంకుషాఫ్టు ఎచటనున్నది, గాలి యెంత వచ్చుచున్నది, నీటివేడి యెంత, కాలితో త్రొక్కినది యెంత యని సెన్సరులు దానికి క్షణక్షణము తెలుపుచుండును. అది లెక్కగట్టి, ఏ సిలిండరునకు ఎప్పుడు, ఎంతకాలము ఇంధనము చిమ్మవలెనో ఆజ్ఞయిచ్చును. ఆ లెక్కల వ్రాత పెట్టెలోని చిప్పునందే పాతుకొనియుండును. దానినే ఫర్మ్‌వేరు అందురు. అందు రెండు భాగములు గలవు: ఒకటి ఏమి చేయవలెనో చెప్పు ఆజ్ఞలు, రెండవది ఏ వేగమున, ఏ బరువున ఎంత యిచ్చవలెనో తెలుపు కొలతల పట్టికలు.

ఇంజనీరు వ్రాసినప్పుడు ఆ వ్రాతలో పేర్లు, వివరణలు, మాటలు ఉండును. చిప్పులోనికి దించునపుడు అవి యన్నియు జారిపోయి అంకెలు మాత్రమే మిగులును. ఆ అంకెలను మరల ఆజ్ఞలుగా విడదీసి చూపు సాధనమును డిస్‌అసెంబ్లర్ అందురు. అమెరికా జాతీయ భద్రతాసంస్థ తన పనులకై నిర్మించుకొని 2019 మార్చిలో లోకమునకు ఉచితముగా విడిచిన గీడ్రా యిట్టిది. మరుసటి నెలలో దాని మూలరచనయు బహిరంగమైనది. రాడారే2 మరియొకటి. వీనికి పైకము అక్కరలేదు. సామాన్యమైన కంప్యూటరు, ఓరిమి ఉన్న చాలును.

బాలుడు పని చూపుచుండగా మాకు ఆశ్చర్యము కలిగెను. ఏలయన, వాడు చేయునది మేము జీవితమంతయు చేసినదే. మన పెద్దలు వ్యాఖ్యానమునకు ఐదు లక్షణములు చెప్పిరి: పదచ్ఛేదము, పదార్థోక్తి, విగ్రహము, వాక్యయోజనము, ఆక్షేపసమాధానము. ఈ యైదును వాని బల్లమీద కనబడినవి.

మొదటిది పదచ్ఛేదము. "వానరః" అను మాటను ఒకటిగా చదివిన కోతి. "వా నరః" అని విరిచిన "లేక నరుడు". ఎచట విరువవలెనో తెలియకున్న అర్థము తలక్రిందులగును. అనేక ఇంజను పెట్టెలలో ట్రైకోరు అను జాతి ప్రాసెసరు ఉండును. దాని ఆజ్ఞలలో కొన్ని 16 బిట్లవి, కొన్ని 32 బిట్లవి. రెండడుగుల అవతల మొదలుపెట్టిన చాలును, వరుసయంతయు వెఱ్ఱిమాటలగును. కావున ముందుగా ప్రాసెసరు జాతిని, వ్రాత మొదలైన చిరునామాను సాధనమునకు సరిగా చెప్పవలెను. ఇది తప్పినవాడు నెలల తరబడి శ్రమించినను లేని అర్థములనే కనుగొనును.

రెండవది పదార్థోక్తి. మాకు అమరకోశమెట్టిదో వానికి ప్రాసెసరు తయారుచేసినవారు ప్రకటించు కరదీపిక యట్టిది. ఈ చిరునామా ఫలానా పిన్నునకు చెందినది, ఈ పిన్ను వోల్టేజిని కొలుచునది యని అందుండును. పెట్టెలో ఆ పిన్ను ఏ సెన్సరునకు పోవుచున్నదో తీగను పట్టుకొని చూచిన, ఒక్క పదమునకు అర్థము తేలినట్లే.

మూడవది విగ్రహము, అనగా సమాసమును విప్పుట. పెద్ద ఆజ్ఞాసమూహము చిన్నవానిని పిలుచును, అవి యింకను చిన్నవానిని పిలుచును. ఎవరు ఎవరిని పిలిచిరో సాధనము గీతలు గీసి చూపును. కొలతల పట్టికలను గుర్తించు ఉపాయమును వాడొకటి చెప్పెను: క్రమముగా పెరుగుచు పోవు అంకెల వరుస కనబడిన, అది తరచుగా ఇంజను వేగపు మెట్లు, దానివెంట వచ్చు చదరము ఆ వేగములకు తగిన కొలతలు.

నాలుగవది వాక్యయోజనము. గీడ్రా ఆజ్ఞలను కూర్చి, మనుష్యులు చదువదగిన వాక్యములవంటి రూపమున చూపును. కాని పేర్లు దానికి తెలియవు. ప్రతి ఆజ్ఞాసమూహమునకు ఒక గుర్తును, చిరునామాను కలిపి తాత్కాలికముగా పేరు పెట్టును. చదువరి అర్థము గ్రహించినకొలది నిజమైన పేరు వ్రాసికొనుచు పోవలెను. ఒక పేరు తేలిన, దానిని పిలిచిన పది తావులలో వెలుగు పడును.

ఐదవది ఆక్షేపసమాధానము. "ఇది నీటివేడి యని నీవన్నావు, నిదర్శనమేమి?" అని తన్ను తానే యడుగవలెను. వాడు బల్లమీది పెట్టెకు కరెంటు ఇచ్చి, సెన్సరునకు బదులు త్రిప్పుడు రెసిస్టరు కట్టి, దానిని త్రిప్పుచు స్కానరులో ఏ అంకె కదలుచున్నదో చూచుచుండెను. కదలనిచో తన యూహను కొట్టివేసెడివాడు. మన మెదకుసీమలోని కొలిచెలమకు చెందినవాడని ప్రసిద్ధుడైన మల్లినాథసూరి, మూలములేనిదానిని వ్రాయననియు, అక్కరలేనిదానిని పలుకననియు ప్రతిజ్ఞ చేసెను. ఆ నియమము తెలియకయే ఈ బాలుడు దానిని పాటించుచున్నాడు.

ఈ చదువువలన పని జరిగినదా యని మీరడుగుదురు. జరిగినది. మహబూబాబాదునుండి మిరపబస్తాలు మోసెడి చిన్నవ్యాను ఒకటి షెడ్డునకు వచ్చెను. ఎత్తులు ఎక్కునపుడు బలము తగ్గి దీపము వెలుగుచుండెను. స్కానరు పి 0087 అను గుర్తు చూపెను. ఇంధనపు గొట్టములో ఒత్తిడి చాలలేదని దాని యర్థము. ఇతరచోట పంపును, ఇంజెక్టరులను మార్చవలెనని యజమానికి చెప్పియుండిరి. ఆ ఖర్చు అతని పంట లాభమును మించియుండెను. బాలునియొద్ద అదే జాతి పెట్టె పాతది యున్నది. ఆ గుర్తు అంకెను ఫర్మ్‌వేరులో వెదకి, ఏ ఆజ్ఞ దానిని వ్రాయుచున్నదో పట్టుకొని వెనుకకు నడచెను. ఇంధనము అధికముగా కోరబడినపుడు మాత్రమే, అదియు కొంతకాలము ఎడతెగక ఒత్తిడి తగ్గినపుడు మాత్రమే ఆ గుర్తు పడునని తేలెను. అనగా నిలిపియుంచిన బండిని ఎంత పరీక్షించినను తప్పు దొరకదు. తండ్రి బస్తాలతోనే బండిని ఎత్తుమీదికి నడపించి చూడగా, ఫిల్టరుకడ చిట్లిన రబ్బరు వలయముగుండా గాలి చొరబడుచుండెను. పంపు నిర్దోషి. వలయము వెల నూరు రూపాయలకు లోపే. ఫర్మ్‌వేరులో ఒక్క అక్షరమును మార్చలేదని మీరు గమనింపగోరుదుము. చదువు త్రోవ చూపెను. చేయి రోగమును కనుగొనెను.

ఇక లోకవృత్తాంతము. 2014లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయమువారు ఫోక్స్‌వాగన్ డీజిలు కార్లను రహదారిమీద నడపి పరీక్షించిన ఫలితములను ప్రకటించిరి. పరీక్షాశాలలో శుద్ధముగా నున్న పొగ రోడ్డుమీద హద్దు మీరుచుండెను. 2015 సెప్టెంబరు 18వ తేదీన ఆ దేశపు పర్యావరణసంస్థ కంపెనీపై ఆరోపణ చేసెను. లోకమంతట రమారమి 1 కోటి 10 లక్షల కార్లలో ఈ మోసమున్నదని కంపెనీయే ఒప్పుకొనెను. ఆ మోసము ఎట్లు జరిగెనో చూపినవారు ఫర్మ్‌వేరును చదివినవారు. ఫెలిక్స్ డోమ్కె అను జర్మనుడు తన సొంతకారు పెట్టెలోని వ్రాతను విప్పి చదివి, 2015 డిసెంబరులో హాంబుర్గు సభలో వివరించెను. కారు ప్రయాణించిన కాలమును, దూరమును పరీక్షాక్రమపు గీతలతో పోల్చి, తాను పరీక్షలో నున్నానో రోడ్డుమీద నున్నానో కంప్యూటరు కనిపెట్టుచుండెను. 2017లో బోకుం, సాన్ డియాగో విశ్వవిద్యాలయముల పండితులు 926 ఫర్మ్‌వేరు ప్రతులను పరిశీలించి, 406 ప్రతులలో ఇట్టి కుయుక్తి ఛాయలు కనుగొనిరి. మనదేశమునను 2015 డిసెంబరులో ఆ కంపెనీ 3 లక్షల 23 వేలకు పైగా కార్లను సరిదిద్దుటకు పిలిపించెను. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునలు 500 కోట్ల రూపాయలు చెల్లింపుమనగా, మే నెలలో సుప్రీంకోర్టు బలవంతపుచర్యలు వలదని నిలుపుదల చేసెను. డోమ్కె నాటికి గీడ్రా బహిరంగము కాలేదు. నేడు అంతటి సాధనము జనగామ షెడ్డులోని బాలుని చేతికి ఉచితముగా వచ్చినది.

మా మొదటి ప్రశ్నకు, అనగా ఇది చౌర్యమా యనుదానికి, శాసనమేమి చెప్పునో చూచితిమి. 1957 నాటి కాపీరైటు చట్టము 52వ సెక్షనులో, చట్టబద్ధముగా ప్రోగ్రామును పొందినవాడు వేరొక ప్రోగ్రాముతో అది కలిసి పనిచేయుటకు కావలసిన, మరియొక విధమున సులభముగా దొరకని సమాచారమును రాబట్టుకొనుటకును, పనిచేయించుచు దాని భావములను సూత్రములను గమనించి, చదివి, పరీక్షించుటకును త్రోవ విడువబడినది. నకళ్లు తీసి అమ్ముటకు త్రోవ లేదు. స్వతంత్రమెకానిక్కులకు విడిభాగములు, రోగపరీక్షాసాధనములు దక్కనీయలేదని 2014 ఆగస్టు 25వ తేదీన భారత పోటీకమిషను 14 కార్ల కంపెనీలకు రమారమి 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించెను. 2022 డిసెంబరు 24వ తేదీన కేంద్రప్రభుత్వము మరమ్మతు హక్కు పేర ఒక పోర్టలును ప్రారంభించెను. చిన్నషెడ్డు గోడు ప్రభువుల చెవిని పడినదనుటకు ఇవి గుర్తులు.

ఇంతవరకు శుభమే. ఇకమీద చెప్పునది కష్టమైన మాట. వ్యాను బాగైన కథ వ్యాపించినపిమ్మట, భూపాలపల్లివైపు బొగ్గు తోలెడి లారీల యజమాని యొకడు బాలునియొద్దకు వచ్చి, వేగనియంత్రణమును తొలగించి యిమ్మని కోరెను. ఒక్క రాత్రి పని; ఇచ్చెదనన్న సొమ్ము వాని తండ్రి నెల సంపాదనను మించినది. షెడ్డుమీద అప్పు గలదు. వాడు మాయొద్దకు వచ్చి, "తాతయ్యా, చదువుట దొంగతనము కాదని మీరే యొప్పుకొంటిరి. ఇది యేమి?" అని యడిగెను. మేము వెంటనే పలుకలేకపోతిమి. అప్పు మాది కాదు గదా! ధర్మము చెప్పుట మాకు సులభము, వానికి కాదు.

తుదకు మాకు తోచినది చెప్పితిమి. "నాయనా, వ్యాఖ్యాత మూలమునంతయు చదువును, తనకు సందేహమున్న ప్రక్కన వ్రాసికొనును, ఇతరుని లాభముకొరకు మూలమును చెరుపడు. బరువుబండ్లకు వేగనియంత్రణము కేంద్ర మోటారువాహన నియమములలో 118వది. బండిని ఇష్టానుసారముగా మార్చుటను 1988 నాటి మోటారువాహనముల చట్టము 52వ సెక్షను కట్టడిచేయుచున్నది. చట్టమును విడువుము. బొగ్గులారీ పోవు దారిలోనే మన పిల్లలు బడికి పోవుచున్నారు." వాడు చాలసేపు ఊరకుండి, ఆ పనిని నిరాకరించెను. ఆ లారీ మరియొకచోట ఆ పని చేయించుకొనెనని పిమ్మట వింటిమి. అప్పు అట్లే యున్నది. ధర్మమునకు వెంటనే ఫలము వచ్చెనని చెప్పి మిమ్ము మురిపింప మాకు ఇష్టము లేదు. పొగవడపోతలను మూయించువారును, తిరిగిన మైళ్లను తగ్గించి చూపువారును ఇట్టి బాలురనే వెదకుచుందురు. డీజిలు మోసమును వ్రాసినవాడును, దానిని బయటపెట్టినవాడును ఒకే విద్య నేర్చినవారు. భేదము విద్యలో లేదు.

సోదరులారా! మనది పనిముట్టును నమ్మిన కులము. మన జనగామ ప్రక్కనున్న పెంబర్తి ఇత్తడిపనికి 2010లో భౌగోళికసూచికయను గుర్తింపు వచ్చినది. ఆ రేకును ముందువైపు చూచినవాడు అందమును చూచును. వెనుకవైపు త్రిప్పి చూచినవాడు సుత్తెదెబ్బల క్రమమును చదువును. శిష్యుడు నేర్చునది వెనుకవైపునుండియే. ఇంజను ఫర్మ్‌వేరు నేటి రేకునకు వెనుకవైపు. దానిని చూడకుండ మన బిడ్డలను నిలువరించితిమా, వారు పెట్టె మార్చుమన్న పెట్టె మార్చు కూలివారగుదురు. చూడనిచ్చి నియమము నేర్పమా, అమ్ముడుపోవుదురు.

కావున పోషకులకు మా విన్నపము. సాధనము ఉచితము, దానికి మీ ధనము అక్కరలేదు. మూడు ఊళ్లలోను సంఘపక్షమున ఒక్కొక్క గది, అందు రెండు కంప్యూటరులు, పాతయినుప దుకాణములనుండి కొన్న పది ఇంజను పెట్టెలు, వానికి కరెంటు ఇచ్చు బల్ల యేర్పరచుడు. వారమునకు రెండు సాయంకాలములు ఇంగ్లీషు కరదీపికలను తెలుగున వివరించి చెప్పగల ఇంజనీరింగు విద్యార్థికి కొంత గౌరవవేతనము నియ్యుడు. ప్రవేశించు ప్రతి బాలుడును ఒక నియమము చేయవలెను: బల్లమీది పెట్టెను ఎంతయైన విప్పుదును, రోడ్డుమీది బండిలోని వ్రాతను చట్టమునకు విరుద్ధముగా మార్చను. ఈ నియమము నిలువవలెనన్న, అప్పునకు లొంగి తప్పు చేయవలసిన గతి వానికి పట్టకుండ సంఘము వెనుక నిలువవలెను. నీతి బాలునిది, భారము మాత్రము మనది కావలెను. ఆ షెడ్డు అప్పును గూర్చి కార్యవర్గముతో వేరుగా మాటలాడనున్నాము.

ఇప్పుడు మేము నెలకొకసారి జనగామ పోయి, రాత్రి వాని బల్లప్రక్క కూర్చుందుము. మా కన్నులకు తెరమీది అంకెలు సరిగా కనబడవు. కరదీపికలోని కఠినవాక్యములకు మేము అన్వయము చెప్పుదుము. వాడు తెరమీద పేరు వ్రాయును. అరువదియేండ్లు దాటిన పిమ్మట మాకు లభించిన సహపాఠి వాడు. వానిని దొంగయన్న మా నోటితోనే, వానివంటివారిని ఆదరింపుడని మిమ్ము వేడుకొనుచున్నాము.